కడగని పెన్ను

టొరీనో
1995 ఫిబ్రవరి 6

ఒసే నీవెస్,

బతికే ఉన్నావన్నమాట! మూడు నెలలే, మూడు నెలలు! రోజూ మెట్లు దిగి పోస్టు డబ్బా తెరవడం, కరెంటు బిల్లు పట్టుకుని మళ్లీ మెట్లెక్కడం. ఫోను చేద్దామంటే నాకు వినిపించి చావదు కదా. క్రిస్మస్‌కి పక్కింటావిడ చేత నంబరు తిప్పించి చెవికి ఆనించుకుంటే, మీ అమ్మాయి ఫుల్వియా గొంతు సీసాలో దూరిన కందిరీగలా జుయ్‌మంది, అంతే. ముప్పయ్యేళ్లు ఫ్యాక్టరీలో ఒకే బల్ల దగ్గర కూర్చుని పాళీలు సానపట్టాం మనిద్దరం. ఆ చక్రం నా చెవులే ఎందుకు తినేసిందో, నీ చెవులు ఎందుకు వదిలేసిందో దేవుడికే తెలియాలి. నేనే వచ్చి చూసేదాన్ని, కానీ ఆరేళ్ల క్రితం ఏం జరిగిందో నీకు తెలుసుగా. నీ దగ్గరికి వస్తూ మెస్త్రేలో రైలు మారాలి, ప్లాట్‌ఫారం మారిందని మైకులో చెప్పారట, నేను వినకుండా దర్జాగా వేరే రైలెక్కి బొలోన్యాలో తేలాను. ఆ రోజు నుంచి మళ్లీ రైలెక్కలేదు. అందుకే చెబుతున్నాను, నీ ఉత్తరాలు ఆగిపోతే నాకు ఈ లోకంలో మాట్లాడే మనిషి లేనట్టే. మళ్లీ ఇలా చేశావంటే ఊరుకోను.

ఫ్లూ అంటావు. సరే, నమ్మాను. మూడు నెలల తరువాత రాసింది ఒకటిన్నర పేజీ, అందులో ఒక పేజీ నన్ను తిట్టడానికే! "ఇంకా పదకొండు పెన్నుల్లో ఇంకు పోసి పెట్టుకున్నావా, ఒక్కటి చాలదా" అంటావా? చాలదు. ఆకుపచ్చది మా తమ్ముడి కొడుకు దారియోకి రాయడానికి. ఊదాది జెనోవాలో ఉన్న మేనకోడలికి. నల్లది గ్యాసు కంపెనీతో దెబ్బలాడటానికి, దానికి వేరే రంగు నప్పదు. ఇలా ఒక్కొక్కదానికీ ఒక్కొక్క మనిషి. నీకు మాత్రం అన్నిట్లోంచీ తలో పేరా, ఎండిపోకుండా.

ఒక్క సంగతి అడుగుతాను. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిలువు గీత ఏది? నీ పెళ్లికి నేను సానపట్టి ఇచ్చిన పాళీ, నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా రావాలి. ఈ ఉత్తరంలో అన్నీ ఒకే మందం. అక్కడక్కడా ఇంకు అలుక్కుపోయింది కూడా. ఏమైంది పెన్నుకి?

ఎర్సీలియా


త్రియెస్తే
ఫిబ్రవరి 20

ఎర్సీ,

బోరా గాలి ఆరు రోజులుగా వీస్తోంది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కినా ఇల్లంతా దూరుతోంది. వేళ్లు కొయ్యబారిపోయాయి, గీతలు అలాగే ఉంటాయి మరి. స్నేహితురాలి ఉత్తరానికి కూడా భూతద్దం పట్టే రోగం నీకింకా వదల్లేదన్నమాట.

పెన్ను బాగానే ఉంది. రోజూ బల్ల మీదే ఉంటుంది. ఇంకుతోనే ఉంది.

పదకొండు పెన్నులట! చేతులెన్నే నీకు? రాసేది ఒక్కటే కదా. మిగతా పదీ ఎవరిని ఉద్ధరించడానికి? నేను ముప్పయ్యెనిమిదేళ్లుగా ఒక్కదానితోనే నెట్టుకొస్తున్నాను. అది ఎండిపోకుండా చూసుకోవడమే నాకు చేతనైనంత.

ఫుల్వియా జోటా పులుసు వండింది. పుల్ల క్యాబేజీ తక్కువ, చిక్కుళ్లు ఎక్కువ. దానికి నచ్చినట్టు వండుతుంది, నన్ను అడగదు.

నీవెస్


టొరీనో
మార్చి 1

నీవెస్,

ఒక పేజీ కూడా లేదు! ఇంతకుముందు జోటా గురించే రెండు పేజీలు రాసేదానివి. చిక్కుళ్లు ఏ ఊరివి, ఎంతసేపు నానబెట్టారు, దాంట్లో ఫుల్వియా చేసిన తప్పులేమిటి, అన్నీ వరసగా వచ్చేవి. ఇప్పుడు నాలుగు ముక్కల్లో తేల్చేశావు.

గాలి సంగతి నాకు చెప్పకు. నీ చెయ్యి ఎంత చలిలో ఎలా రాస్తుందో నాకు తెలుసు. ఆ ఏడాది బాయిలరు పగిలి ఫ్యాక్టరీలో మంచు కట్టినప్పుడు కూడా నీ మూడు ఎనిమిదులు తప్పలేదు. మర్చిపోయావా? సానపట్టిన ప్రతి పాళీతోనూ మూడు ఎనిమిదులు గొలుసుగా గియ్యాలి, గీత తెగకూడదు, అప్పుడే బల్ల దాటాలి. నీ ఎనిమిదులు చూసి మేస్త్రమ్మ "ఇవి అచ్చు వేసినట్టున్నాయే" అనేది, నాకు ఒళ్లు మండేది.

కాబట్టి తిన్నగా అడుగుతున్నాను. నా పెన్ను ఎవరికిచ్చావే? ఫుల్వియాకా? దాని కూతురికా? పాళీ ఒక చేతికి అలవాటుపడ్డాక ఇంకో చేతికి ఇవ్వకూడదని మన బల్ల దగ్గర చేరిన మొదటి రోజే చెప్పారు. పెళ్లికూతురిలా నువ్వు కూర్చుంటే పక్కన నేను నీ చెయ్యి వంపు చూసి చూసి, నాలుగు పాళీలు పాడుచేసి, ఐదోది కుదిర్చాను. దాన్ని తీసుకెళ్లి ఎవరో బరబరా గీకేసి ఒక పక్క అరగదీసి ఉంటారు, అందుకే గీత చచ్చిపోయింది. ఒప్పుకో. కోపం వస్తుంది, తిడతాను, రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

ఎర్సీలియా

తా.క.: ఇంకు అలుక్కుపోవడం ఈసారి ఇంకా ఎక్కువైంది. అద్దుడు కాగితం కొనుక్కోవచ్చుగా!


త్రియెస్తే
మార్చి 19

ఎర్సీ,

మా అమ్మ మీద ఒట్టు, ఎవరికీ ఇవ్వలేదు. ఫుల్వియా ముట్టుకుంటే దాని చెయ్యి మీద కొడతాను. అలుక్కుపోయింది కాఫీ వల్ల.

నువ్వేనా ఆరాలు తీసేది? నాకూ కళ్లున్నాయి. ఈమధ్య నాకు మంచం మీద తీరిక ఎక్కువ. అంటే, మధ్యాహ్నాలు. నీ ఉత్తరాలన్నీ దుప్పటి మీద పరిచాను. నువ్వు అక్టోబరు మూడున రాశావు, ఈరోజే ఆకుపచ్చ పెన్ను నింపానని. జనవరి పదిన రాశావు, ఆకుపచ్చ అయిపోయిందని. ఆ పెన్ను ఒక్క నింపుడుకి పన్నెండు పేజీలు నడుస్తుంది. దాన్ని చేసింది మనమే, నాకు తెలియదా? నాకొచ్చిన ఆకుపచ్చ పేజీలు లెక్కపెట్టాను. పన్నెండు.

మరి దారియోకి దేంతో రాశావే?

తరువాత ఊదా చూశాను. పన్నెండు. గోధుమ రంగు, పదకొండున్నర. నల్లది కూడా నాకే వచ్చింది, గ్యాసు కంపెనీకి ఒక్క ముక్క మిగల్లేదు. ముందు దీనికి జవాబు చెప్పు, తరువాత నా గీతల సంగతి చూద్దువు గాని.

నీవెస్


టొరీనో
మార్చి 27

నీవెస్,

మంచి తెలివే! పేజీలు లెక్కపెట్టడానికి ఓపిక ఉంది కానీ రాయడానికి లేదు.

దారియో సంగతి తరువాత. వాడు పనిలో పడి జవాబులు ఆలస్యం చేస్తాడు, నేనూ ఆలస్యం చేస్తాను. నువ్వు మాట మార్చకు.

ఇలా మనిద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకుంటే తేలదు. పెన్ను నాకు పంపు. భూతద్దం కింద పెట్టానంటే అర నిమిషంలో అదే చెబుతుంది. అరుగుదల ఎటు ఉంది, ఎవరి చెయ్యి, ఎన్నాళ్లుగా, అన్నీ. పాళీ వంగి ఉంటే సరిచేసి, అరిగి ఉంటే మళ్లీ సానపట్టి, వారంలో తిరిగి పంపిస్తాను. ఎవరికో ఇచ్చావని తేలినా పంపిస్తాను.

బాగా కడిగి, ఆరబెట్టి, మూత బిగించి పంపు. నీకు చెప్పాలా?

ఎర్సీలియా


త్రియెస్తే
ఏప్రిల్ 10

ఎర్సీ,

వేరేగా పొట్లం వస్తుంది. ఫుల్వియా పోస్టులో వేసింది. చూసుకో.

తొందరగా తిరిగి పంపు. బల్ల మీద అది లేకపోతే నాకు తోచదు.

నీవెస్


టొరీనో
ఏప్రిల్ 14

నీవెస్,

పొట్లం వచ్చింది. నీలంగా వచ్చింది.

పోస్టుమ్యాన్ రెండు చేతులూ నీలం, సంచీ నీలం, నా గుమ్మం నీలం. "సిన్యోరా, ఇందులో ఎవర్ని చంపి పంపారు?" అని వీధంతా వినిపించేలా అరిచాడు, కాబట్టి నాకూ వినిపించింది. నవ్వుతూనే పైకి తెచ్చాను. పొట్లం విప్పాక నవ్వు ఆగిపోయింది.

ఇంకు నింపిన పెన్ను పోస్టులో వేశావు నువ్వు. ముప్పయ్యేళ్లు ఫ్యాక్టరీలో చేసినదానివి. కొత్తగా చేరిన పిల్లలు ఈ పని చేస్తే ఏడిపించేదానివి. నువ్వు మర్చిపోతావా? మర్చిపోవు.

పాళీని భూతద్దం కింద పెట్టాను. దాని మీద ఉన్నది నీ అరుగుదలే, ముప్పయ్యెనిమిదేళ్లది, ఎడమ అంచున నున్నగా. వేరే చెయ్యి పడలేదు. నిన్ను అనుమానించాను, నాదే తప్పు, తిట్టుకో. కానీ దాని మీద కొత్త గీత ఒక్కటి కూడా లేదు. నెలల తరబడి ఎవరూ రాయలేదు. లోపల ఇంకు మాత్రం తాజాది, పోసి వారం కూడా అయి ఉండదు. రాయని పెన్నులో తాజా ఇంకు ఎందుకు? అది నాకు అర్థం కాలేదు.

తరువాత నీ ఉత్తరాలు తీశాను. అలుకులు చూశాను. కాఫీ కాదే. ప్రతి వరసలోనూ ఇంకు ఎడమ నుంచి కుడికి ఈడ్చుకుపోయింది. కుడి చేత్తో రాసేవాళ్ల చెయ్యి తడి ఇంకు మీద నడవదు, అక్షరాల కంటే ముందు, ఖాళీ కాగితం మీద ఉంటుంది. నేను ఆకుపచ్చ పెన్ను ఎడమ చేత్తో పట్టుకుని "నీవెస్" అని నీ పేరు రాశాను. అచ్చం నీ ఉత్తరంలా వచ్చింది. అదే వణుకు, అదే అలుకు. నా చిటికెన వేలు ఆకుపచ్చ అయిపోయింది.

మూత తిప్పి తీయడానికి రెండు చేతులు కావాలి. కడగడానికీ రెండు కావాలి. అందుకే కడగలేకపోయావు, కదా?

నీ కుడి చేతికి ఏమైందే? ఎప్పుడైంది? నాకు చెప్పకుండా ఎలా ఉండగలిగావు?

ఎర్సీలియా


త్రియెస్తే
మే 2

ఎర్సీ,

సగమే కనిపెట్టావు.

నవంబరు తొమ్మిది, పొద్దున్న. పొయ్యి మీంచి కాఫీ దింపబోయాను. చెయ్యి వెళ్లలేదు. అది అక్కడే వేలాడుతోంది, నేను చూస్తున్నాను, పరాయిదానిలా ఉంది. తరువాత నేల మీద ఉన్నాను. మూడు వారాలు ఆసుపత్రి. కాలు కొంత వచ్చింది, నోరు మొత్తం వచ్చింది. నోరు పోలేదేమని ఫుల్వియా నవ్వింది, నేనూ నవ్వాను. చెయ్యి రాలేదు. డాక్టరు అంటాడు, "రావచ్చు, రాకపోవచ్చు, వచ్చేదయితే ఈపాటికి కదలాలి."

జనవరి అంతా ఫుల్వియా పాత స్కూలు పెన్నుతో, ఎడమ చేత్తో, పిల్లల కాపీ పుస్తకాల్లో సున్నాలు చుట్టాను. నీకు ఫిబ్రవరిలో వచ్చిన ఆ ఒకటిన్నర పేజీ తొమ్మిది రోజుల పని. ఇది ఈరోజు మొదలుపెట్టింది కాదు, ఏప్రిల్ ఇరవై నుంచి రాస్తున్నాను.

"అమ్మా, నువ్వు చెబుతూ ఉండు, నేను రాసిపెడతాను" అంటుంది ఫుల్వియా. ఎర్సీ, నేను నీకు రాసేదే దాని మీద చాడీలు. అవి దాని చేతే ఎలా రాయించను?

కడగలేక కాదు, అడిగితే ఫుల్వియా కడిగేది. ప్రతి ఆదివారం ఇంకు మార్చి పోసేది అదే. మొన్న కూడా, "అమ్మా, పోస్టులో వేసేదానికి ఇంకెందుకు, కడిగేస్తాను" అంది. ముట్టుకోవద్దని కేకలేశాను. నీకు గుర్తుంది కదా. ఎవరైనా పని మానేసే రోజున అందరి ముందూ మేస్త్రమ్మ వాళ్లు ఎనిమిదులు గీసే పరీక్ష పెన్ను కుళాయి కింద పెట్టేది. నీళ్లు తెల్లబడేదాకా. తుడిచి సొరుగులో పెట్టేది. "నీ పని అయిపోయిందమ్మా" అని ముద్దుపెట్టేది. ఇది కడిగితే నా చెయ్యి కూడా అంతేనని ఒప్పుకున్నట్టు అవుతుందనిపించింది. రాయకపోయినా ఇంకు ఉండనీ అనుకున్నాను. ఒక్క పెన్ను చాలని నిన్ను తిట్టేదాన్ని, రాయలేని పెన్ను ఒకటి, రాసేది ఒకటి, రెండు నింపుకుని కూర్చున్నాను.

నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు నాకు రాయడం తగ్గిస్తావు. పాపం, జవాబు రాయలేకపోతోంది, శ్రమపెట్టకూడదు అనుకుంటావు. నీకు వినపడదు. నాకు రాయడం చేతకాదు. అప్పుడు మనిద్దరికీ ఏం మిగులుతుందే? భయమేసింది. ఇప్పుడు కూడా భయంగానే ఉంది.

ఈ ఉత్తరం తరువాత ఎన్ని రాయగలనో తెలియదు. భుజం లాగుతోంది, కాగితం చిరుగుతోంది, స్కూలు పెన్ను పాళీ గుచ్చుకుంటోంది. కాబట్టి ఒక్కటి అడుగుతున్నాను. పెన్ను నీ దగ్గరే ఉంది. నువ్వు సానపట్టావు, నువ్వే కడిగెయ్యి. ఇక ఆదివారాలు ఫుల్వియాని విసిగించడం మానేస్తాను. కడిగి సొరుగులో పెట్టు. మేస్త్రమ్మ లేదు, ముద్దు మాత్రం నువ్వే పెట్టు.

నీవెస్


టొరీనో
మే 8

ఒసే నీవెస్,

ఏడ్చాను. ముందు అది చెప్పేస్తున్నాను, తరువాత నువ్వు నా అలుకులు చూసి లెక్కలు కట్టకుండా. ఏడ్చి, ముఖం కడుక్కుని, మంచం కింద నుంచి సాన రాయి బయటికి లాగాను. అమ్మేశానని నీకు చెప్పాను, అమ్మలేదు.

ఈ ఉత్తరంతో పాటు పొట్లం వస్తుంది, ఇది తెల్లగా వస్తుంది. అందులో ఉన్నది నా ఆకుపచ్చ పెన్ను. ఎడమ చెయ్యి పాళీని లాగదు, తోస్తుంది, అందుకే నీ స్కూలు పెన్ను గుచ్చుకుంటోంది. కొన గుండ్రంగా తీశాను, ముందు అంచు కొంచెం పైకి ఎత్తాను. ఎడమ చేత్తో మూడు ఎనిమిదులు గీసి చూశాను. ఆరు పాళీలు పాడయ్యాయి, ఏడోది ఇది. కాగితాన్ని కుడివైపుకి బాగా వంచి పెట్టుకో, చెయ్యి వరస కింద నడవాలి, మీద కాదు. అలుకు పోతుంది. తొందరగా ఆరే ఇంకు సీసా కూడా పెట్టాను. ఫుల్వియా నింపుతుంది. దాని మీద చాడీలు ఎన్నయినా రాసుకో.

ఇక నా సంగతి. దారియోకి ఉత్తరాలు రాయను. వాడు తొంభైలోనే "అత్తా, చదవలేకపోతున్నాను, కార్డు పంపితే చాలు" అన్నాడు. మేనకోడలు అంతకుముందే మానేసింది. గ్యాసు కంపెనీతో నాకు ఎప్పుడూ తగాదా లేదు, పాపం మంచివాళ్లు. పదకొండు పెన్నులూ నీకే రాశాయి. ఇంతమంది మనుషులున్నట్టు నీ ముందు గొప్పపోయాను. నువ్వు పేజీలు లెక్కపెట్టావని చదివినప్పుడు సిగ్గుతో చెవులు కాలిపోయాయి, వినపడని చెవులు! కాబట్టి నిన్న తొమ్మిది కడిగేశాను. నీళ్లు ఎన్ని రంగులు తిరిగాయో చెప్పలేను. ఒకటి నాకు ఉంచుకున్నాను, నీలంది. వాదనలో నువ్వే గెలిచావు, మనిషికి ఒక్కటి చాలు.

నీకు మాత్రం చాలదు. నీకు రెండు ఉండాలి.

నీ పెన్ను కడగలేదు. కడగను కూడా, నువ్వు ఎన్నిసార్లు అడిగినా సరే. తుడిచి, కారిన చోట రబ్బరు గొట్టం మార్చి, మళ్లీ నీ ఇంకు పోశాను. నిండా పోశాను. చెయ్యి వస్తుందో రాదో డాక్టరు చూసుకోనీ, పెన్ను మాత్రం సిద్ధంగా ఉండాలి.

ఇంకు నింపిన పెన్ను పోస్టులో వెయ్యకూడదు. అందుకే నేనే పట్టుకొస్తున్నాను. స్టేషనుకి వెళ్లి, టికెట్టు అతని చేత కాగితం మీద అన్నీ రాయించుకున్నాను. పొద్దున్న రైలు ఒకటి ఎక్కడా మారకుండా వస్తుందట. ఎక్కడ దిగాలో మైకులో వినపడకపోతే ఎలా అని అడిగాను. అతను నవ్వి పెద్ద అక్షరాలతో రాశాడు: త్రియెస్తే దగ్గర పట్టాలు అయిపోతాయి, దాటిపోవడానికి దారి లేదు. ఇన్నేళ్లూ ఈ ముక్క నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదే?

పెన్ను కోటు లోపలి జేబులో, పాళీ పైకి పెట్టుకుని, దారి పొడుగునా నిటారుగా కూర్చుంటాను. వంగను, కునుకు తీయను. వచ్చాక నా ఎదుట నువ్వు దాన్ని కుడి చేత్తో పట్టుకోవాలి. వేళ్లు ముడుచుకోకపోతే నేను ముడుస్తాను. ఎనిమిది రాకపోతే చుక్క పెట్టు, చుక్క కూడా రాకపోతే పెన్ను ఊరికే కాగితం మీద ఆనించు, ఇంకు తనే దిగుతుంది.

వచ్చే వారం గురువారం మధ్యాహ్నం రెండున్నరకి దిగుతాను. ఫుల్వియాని స్టేషనుకి పంపు, జోటాలో పుల్ల క్యాబేజీ ఎక్కువ వెయ్యమను.

ఎర్సీలియా